లక్ష డాలర్ల ఫీజు పడుతుందా? తేల్చేది మీ ఆఖరి పనిదినం

ప్రశ్న: డాలస్‌లో నాలుగేళ్లుగా హెచ్‌1బీ (అమెరికా ఉద్యోగ వీసా) మీద పనిచేస్తున్నాను. గత నెల లేఆఫ్ చేశారు, మూడు నెలల సెవరెన్స్ (ఉద్యోగం తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం) ఇచ్చారు. గుంటూరులో అమ్మకు ఆపరేషన్. వెళ్లొచ్చి కొత్త ఉద్యోగం చూసుకుందామనుకుంటున్నాను. కొత్త హెచ్‌1బీ పిటిషన్ల మీద ట్రంప్ పెట్టిన లక్ష డాలర్ల ఫీజు అసలు చెల్లుతుందా? ఒక కన్సల్టెన్సీ డబ్బిస్తే పేరోల్ రన్ చేస్తామంటోంది, అంటే జీతం ఇస్తున్నట్టు కాగితాలు చూపిస్తారట. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇంత రాసి, మీ ఉద్యోగంలో ఆఖరి రోజు ఏదో రాయలేదు. ఇంత అజాగ్రత్త పనికిరాదు. కేసంతా ఆ తేదీ మీదే ఉంది.

కాంగ్రెస్ చట్టం చేయకుండా అధ్యక్షుడు ఒక్క సంతకంతో ఇంత సొమ్ము వసూలు చేయడం అన్యాయమనే నా అభిప్రాయం. కష్టపడి పనిచేసేవాళ్లను తలుపు దగ్గరే ఆపే విధానమిది. కానీ కోర్టుల్లో అది తేలేదాకా మీ గడువు ఆగదు.

ఈ ఫీజు పెట్టిన 2025 సెప్టెంబర్ 19 నాటి ప్రకటన మీద యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే సంస్థ) అక్టోబర్ 20న వివరణ ఇచ్చింది. మీరు అమెరికాలో ఉండగా కొత్త కంపెనీ ఎక్స్‌టెన్షన్ (మీరు ఉండే గడువు పొడిగింపు) కోరుతూ పిటిషన్ వేసి, అది మంజూరైతే ఈ ఫీజు లేదు. చెల్లుబాటయ్యే హెచ్‌1బీ వీసా లేకుండా మీరు దేశం దాటాక వేసినా, స్టేటస్ (చట్టబద్ధంగా ఉండే హోదా) పోయిందని ఎక్స్‌టెన్షన్ నిరాకరించినా కంపెనీ లక్ష డాలర్లు కట్టాల్సిందే. మీ కోసం ఎవరు కడతారు?

ఉద్యోగం పోయాక అమెరికాలో స్టేటస్‌తో ఉండగలిగేది గరిష్ఠంగా 60 రోజులే. ఆఖరి రోజు మార్చి 10 అయితే గడువు మే 9తో సరి. ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అంతకంటే ముందే ముగిస్తే ఆ తేదీయే లెక్క. సెవరెన్స్ మూడు నెలలకు ఇచ్చారు కదా అని గడువు పెరగదు. టెర్మినేషన్ లెటర్, ఆఖరి పేస్లిప్పులు, ఐ-797 (పిటిషన్ మంజూరు నోటీసు), ఐ-94 ప్రింటు ఈరోజే తీసి పెట్టుకోండి. కంపెనీ మెయిల్ లాగిన్ పోయుంటే హెచ్‌ఆర్‌కు రాసి తెప్పించుకోండి.

ఆ కన్సల్టెన్సీ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. చేయని పనికి పేస్లిప్పులు పుట్టించి ప్రభుత్వానికి చూపడం మోసం. దొరికితే వీసాకు జీవితకాల నిషేధం పడొచ్చు. పిల్లల చదువు, గ్రీన్‌కార్డు అన్నీ దాంతోనే పోతాయి.

నిజంగా పని ఇచ్చే కంపెనీని పట్టుకుని, గడువులోపే పిటిషన్ వేయించండి. ప్రీమియం ప్రాసెసింగ్ (అదనపు ఫీజుతో త్వరగా పరిశీలించడం) అడగండి, 15 పనిదినాల్లో ఏదో ఒక జవాబు వస్తుంది. పిటిషన్ దాఖలైతే అక్కడ పనిలో చేరొచ్చు. గడువులోపు కుదరదనిపిస్తే, అది ముగియకముందే ఐ-539 (వేరే స్టేటస్‌కు మారేందుకు పెట్టే దరఖాస్తు) గురించి ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

అప్రూవల్ చేతికొచ్చాకే అమ్మగారి దగ్గరికి వెళ్లండి. ఆ పిటిషన్ మీద తిరిగొస్తే ఫీజు వర్తించదు. పాస్‌పోర్టులో వీసా గడువు తీరి ఉంటే మాత్రం, హైదరాబాద్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరికాకే టికెట్ కొనండి.