వాయిదా కట్టగలం కాబట్టి కొనగలం అనుకోకండి

ప్రశ్న: నా వయసు 31. ప్రైవేటు ఉద్యోగం. ఇంట్లో నా భార్య, రెండేళ్ల పాప. ఎనిమిది నెలలుగా రోడ్ సైకిల్ తొక్కుతున్నాను. నాది అల్యూమినియం ఫ్రేమ్, షిమానో క్లారిస్ 8 స్పీడ్ గేర్లు, చక్రం అంచును పట్టి ఆపే రిమ్ బ్రేకులు. గ్రూపులో మిగతావాళ్ల వేగం అందుకోలేకపోతున్నాను. 12 స్పీడ్ షిమానో 105 గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల సెట్టు), కార్బన్ చక్రాలు, పెడల్‌కు బిగుసుకునే క్లిప్ షూస్, కాళ్ల బలాన్ని కొలిచే పవర్ మీటర్, మంచి జెర్సీలు తీసుకోవాలని ఉంది. అన్నీ కలిపి రెండున్నర నెలల జీతం అవుతుంది. చక్రాలు గత వారమే కార్డు మీద 12 నెలల ఈఎంఐలో తీసుకున్నాను, ఇంకా పెట్టె విప్పలేదు. మిగతావాటికి కార్డు మంచిదా, పర్సనల్ లోనా? మొత్తం వాయిదాలు నా జీతంలో 22 శాతం దాటవు. చేతిలో మూడు వారాల ఖర్చుకు సరిపడా డబ్బుంది. ఆఫీసువాళ్ల ఆరోగ్య బీమా ఉంది.

జవాబు: మీ ఉత్తరం చివర రాసిన 'మూడు వారాల ఖర్చు' దగ్గరే నేను ఆగిపోయాను. మిగతాదంతా దాని తర్వాతే మాట్లాడుకోవాలి. మీ ఒక్కరికే అయితే విడిగా జవాబిచ్చి ఊరుకునేవాణ్ణి. కానీ ఇదే తప్పు చాలామంది చేస్తున్నారు. కెమెరా కావచ్చు, ఫోన్ కావచ్చు, సైకిల్ కావచ్చు, వస్తువు ధర చూడటం మానేసి వాయిదా ఎంతో చూసి 'మనకు అందుబాటులోనే ఉంది' అనేసుకుంటున్నారు.

జీతంలో 22 శాతమే కదా అంటున్నారు. ఇన్నేళ్లు ఉద్యోగం చేసి, ఈరోజు చేతిలో మూడు వారాల ఖర్చు మాత్రమే ఉందంటే, నెలనెలా 22 శాతం మిగలడం లేదనేగా అర్థం? మిగలని డబ్బుతో వాయిదా ఎలా కడతారు? మొదటి రెండు నెలలు ఎలాగోలా సర్దుతారు. మూడో నెల పాపకు జ్వరం వస్తుంది, లేదా ఇంట్లో ఏదో పాడవుతుంది. కార్డు బిల్లులో 'మినిమమ్ డ్యూ' (కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రం కట్టి మిగతాది వచ్చే నెల చూద్దాంలే అనుకుంటారు. అప్పులు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే చిన్నదిగా కనిపిస్తుంది. వడ్డీ మీద వడ్డీ కలిస్తే ఏడాదికి 51 శాతం. పైగా పాత బాకీ ఉన్నంతకాలం చాలా కార్డుల్లో కొత్తగా గీకిన ప్రతి ఖర్చుకూ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. అప్పుడు ఇంట్లోకి కొన్న పాల ప్యాకెట్‌కి కూడా వడ్డీ కడుతుంటారు.

'వడ్డీ లేని ఈఎంఐ' అన్నది మీ వాదనైతే, అదే వస్తువును ఒకేసారి డబ్బు కట్టి కొంటే ఎంత తగ్గిస్తారో అడిగి చూడండి. ప్రాసెసింగ్ ఫీజు కూడా కలపండి. వడ్డీ ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది. ఇక పర్సనల్ లోన్ సంగతి: 'ఫ్లాట్ 12 శాతం' అని, అంటే మొదట ఇచ్చిన మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేసే ఏడాది అప్పు, తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే 21 శాతం పైనే పడుతుంది. జీతం అడ్వాన్సు, స్నేహితుల దగ్గర చేబదులు కూడా వద్దు. కార్డా, లోనా అని అడిగారు. రెండూ కాదు. సరదా కోసం కొనే వస్తువుకు అప్పు చేయడాన్ని నేను ఏ రూపంలోనూ ఒప్పుకోను.

సైకిల్ తొక్కేవాళ్లకు అత్యవసర నిధి మామూలు వాళ్లకన్నా ఎక్కువ అవసరం. ఇది మీరు గట్టిగా పట్టించుకోవాలి. రోడ్ సైకిల్ మీద నుంచి పడినప్పుడు చెయ్యి చాచి ఆపుకోబోతాం, లేదా భుజం నేలకు తగులుతుంది. ఎక్కువగా విరిగేవాటిలో మెడ కింది కాలర్ ఎముక ఒకటి. పెద్దవాళ్లకు అది అతకడానికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆసుపత్రి బిల్లు బీమా కట్టొచ్చు. ఆ వారాల్లో జీతం కోతపడితే ఇంటి అద్దె ఎవరు కడతారు? ఫిజియోథెరపీకి, ఆసుపత్రికి వెళ్లిరావడానికి, ఇంట్లో సాయానికి పెట్టుకున్న మనిషికి ఎవరిస్తారు? విరిగిన చేత్తో ఇంట్లో కూర్చుని, గోడకు ఆనించిన సైకిల్ మీది కార్బన్ చక్రాలకు వాయిదా కట్టాల్సి వస్తుంది. మీ భార్య, పాప మీ జీతం మీదే ఆధారపడి ఉంటే, మీకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు. అంతకంటే ఒక్క రోజు తగ్గినా నాకు నచ్చదు.

ఇంకో సంగతి. ఆఫీసు బీమా ఆ ఉద్యోగం ఉన్నంతవరకే. మీ సొంతంగా ఒక ఆరోగ్య పాలసీ, దానితో పాటు వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. ప్రమాద బీమాలో 'తాత్కాలిక పూర్తి వైకల్యం' కింద వారానికి ఇంత అని చెల్లించే కవర్ ఉందో లేదో చూసుకుని సంతకం పెట్టండి. కాలర్ ఎముక విరిగినప్పుడు పనికొచ్చేది అదే. పోటీల్లో, రేసుల్లో జరిగే ప్రమాదాలు వర్తించవని చాలా పాలసీల్లో ఉంటుంది. గ్రూపు రైడ్‌ల సంగతేమిటో ముందే రాతపూర్వకంగా అడగండి.

ఇప్పుడు మీ జాబితాకు వద్దాం. డబ్బు లెక్కలో అన్నిటికంటే ప్రమాదకరమైన ఐటెమ్ ఆ గ్రూప్‌సెట్. 8 స్పీడ్ నుంచి 12 స్పీడ్‌కు మారడమంటే ఒక పార్టు తీసి ఇంకోటి పెట్టడం కాదు. గేర్లు మార్చే లీవర్లు, చైనును పక్కకు జరిపే రెండు డెరైలర్లు, వెనక చక్రం మీది పళ్ల గుత్తి (క్యాసెట్), చైను, పెడళ్లు బిగించే క్రాంక్ అన్నీ మారాలి. కొత్త క్యాసెట్ మీ పాత చక్రం ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కే భాగం) మీద కూర్చోకపోవచ్చు. వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. 12 స్పీడ్ 105ను షిమానో హైడ్రాలిక్ డిస్క్ బ్రేకుల కోసమే చేసింది. మీది రిమ్ బ్రేకుల ఫ్రేమ్. డిస్క్ బ్రేకు ప్యాడ్లుండే కాలిపర్‌ని బిగించే చోటే దానికి ఉండదు. అంటే ఫ్రేమ్, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కూడా మార్చాలి. మీరు గ్రూప్‌సెట్ అనుకున్నది చివరికి ఇంకో సైకిల్ ధర అవుతుంది. చక్రాల విషయంలోనూ ఇదే చూడండి. మీరు కొన్నవి రిమ్ బ్రేకులవా, డిస్క్ బ్రేకులవా? రిమ్ బ్రేకుల పార్టులు, డిస్క్ బ్రేకుల పార్టులు ఒకదానికొకటి సరిపోయే అవకాశం చాలా తక్కువ. ఇంత ఖర్చుకు దిగేముందు ఈ లెక్క ఎవరూ మీకు చెప్పలేదంటే నాకు బాధగా ఉంది.

క్లారిస్‌తో వెనకబడిపోతున్నానని మీ బాధ. సమతల రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంలో మీరు కొట్టుకునేది ప్రధానంగా గాలితో. అందులోనూ పెద్ద వాటా మీ శరీరానిదే, సైకిల్‌ది కాదు. బరువు సంగతి కూడా చూద్దాం. మీరు 75 కిలోలు, సైకిల్ 9 కిలోలు అనుకుందాం. అర కిలో తగ్గించారు. మొత్తంలో అది 0.6 శాతం. గంటసేపు ఎక్కే ఘాట్‌లో మిగిలేది దాదాపు 20 సెకన్లు. ఆ 20 సెకన్ల కోసం నెలల తరబడి వాయిదా.

మరి ఏం కొనాలి? మొదట టైర్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గట్టి టైర్లు తీసి మంచి రోడ్ టైర్లు వేయించండి. ఫ్రేమ్‌లో, బ్రేకుల మధ్య చోటుంటే 28 మిల్లీమీటర్లవి. లోపల తేలికపాటి ట్యూబులు. గాలి మీ బరువుకు తగ్గట్టు పెట్టండి. రాయిలా గట్టిగా ఊదేస్తే వేగం పెరగదు, గతుకుల్లో చేతులు తిమ్మిరెక్కుతాయి. ఈ ఒక్క మార్పు కాళ్లకు తెలుస్తుంది. కార్బన్ చక్రాల ధరలో చిన్న భాగంతో అయిపోతుంది. వెంటే కొత్త బ్రేకు ప్యాడ్లు.

రెండోది చైను. దీనికి ఒక స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి 12 అంగుళాలు కొలవండి. కొత్త చైను అయితే 12 దగ్గర సరిగ్గా ఇంకో పిన్ను మధ్య వస్తుంది. పిన్ను అంగుళంలో పదహారో వంతు దాటి జరిగిందంటే చైను మార్చే వేళ దగ్గరపడింది. ఎనిమిదో వంతు జరిగేదాకా వదిలేస్తే క్యాసెట్ పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి, అదీ మార్చాలి. ఈ కొలత నెలకోసారి, వానలో తొక్కినప్పుడల్లా తుడిచి నూనె. 8 స్పీడ్ చైను, క్యాసెట్ 12 స్పీడ్ వాటికన్నా చాలా చవక. మీ క్లారిస్ ఇచ్చే అసలైన లాభం అదే. దాన్ని వదులుకోవడానికి తొందరపడకండి.

బట్టల్లో డబ్బు పెట్టాల్సింది భుజాల మీదికి పట్టీలుండే బిబ్ షార్ట్స్‌లో. కూర్చునే చోట ఉండే ప్యాడ్ మంచిదైతే మూడు గంటలు నొప్పి లేకుండా తొక్కుతారు. లోపల ఇంకో లోదుస్తు వేసుకోకూడదు. అతి ఖరీదైనది ఒకటి కొనడంకన్నా, మధ్యరకానివి రెండు కొనండి. ఒకటి ఆరుతుంటే ఇంకోటి వేసుకోవచ్చు. చల్లటి నీళ్లలో ఉతకండి, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడకండి, సాగే గుణం పోతుంది. జెర్సీ విషయంలో బ్రాండ్ చూడక్కర్లేదు. ఒంటికి అతుక్కుని ఉంటే చాలు, గాలికి పటపటమని కొట్టుకునేది వద్దు. పోయిన సీజన్ రంగులు తగ్గింపులో దొరుకుతాయి, అవే తీసుకోండి. గ్లౌజులు మాత్రం తప్పనిసరి. పడినప్పుడు ముందు చర్మం ఊడేది అరచేతుల్లోనే.

క్లిప్ షూస్ అడిగారు. రెండు బోల్టుల ఎస్‌పీడీ రకం తీసుకోండి. షూ అడుగున పెడల్‌కు పట్టుకునే ముక్క (క్లీట్) లోపలికి ఉంటుంది కాబట్టి మామూలుగా నడవొచ్చు, త్వరగా అరగదు. మూడు బోల్టుల రోడ్ షూ తర్వాత చూసుకుందాం. పెడల్‌లో స్ప్రింగ్ బిగువు మొదట బాగా తగ్గించి పెట్టుకోండి. ఆగేటప్పుడు కాలు తియ్యడం మర్చిపోయి పక్కకు పడటం కొత్తవాళ్లందరికీ జరుగుతుంది.

హెల్మెట్ కొత్తదే కొనండి. ఈఎన్ 1078 (యూరప్ భద్రతా ప్రమాణం) లాంటి ముద్ర లోపల ఉందో లేదో చూడండి. ఖరీదైన దానికీ చవకైన దానికీ ఎక్కువగా తేడా ఉండేది బరువులో, గాలి ఆడటంలో. భద్రతకు కనీస పరీక్ష రెండిటికీ ఒకటే. ఒకసారి నేలకు గట్టిగా తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా పారేయండి. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం, ఒక చిన్న పంపు, స్పేర్ ట్యూబు, టైర్ లీవర్లు, మల్టీటూల్. ఇవి లేకుండా పవర్ మీటర్ గురించి మాట్లాడకండి. పవర్ మీటర్ అంకె చూపిస్తుంది, కాళ్లలో బలం తేదు. ఏడాది క్రమం తప్పకుండా తొక్కాక కూడా కావాలనిపిస్తే అప్పుడు దాచి కొనండి.

సెకండ్ హ్యాండ్‌లో డెరైలర్, అల్యూమినియం చక్రం, హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్, శాడిల్ (సీటు) దొరికితే నిస్సందేహంగా చూడండి. శాడిల్ అయితే మీ కూర్చునే ఎముకల వెడల్పుకు సరిపోవాలి, ధర ఎంతైతే ఏం. హెల్మెట్, కార్బన్ హ్యాండిల్‌బార్ మాత్రం వాడినవి వద్దు. లోపల పగులు కంటికి కనపడదు. నమ్మశక్యం కానంత చవకగా కనిపించే 'బ్రాండెడ్' కార్బన్ పార్టు నకిలీ కావచ్చు. దిగువకు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దిగుతుంటే అది విరిగితే జరిగేది ఏ తగ్గింపుతోనూ పూడదు.

డబ్బు వరస ఇలా పెట్టుకోండి. వచ్చే జీతం పడిన రోజే, ఖర్చులకు ముందే, పదిహేను శాతం అత్యవసర నిధికి వెళ్లాలి. 22 శాతం వాయిదా కట్టగలనన్నారుగా, పదిహేను పక్కన పెట్టడం కష్టమైతే ఆ వాయిదా లెక్క తప్పని మీకే తెలుస్తుంది. ఇంకో రెండు శాతం సైకిల్‌కు. మొదటి రెండు నెలల్లో దీపాలు, ట్యూబు, పంపు. తర్వాత టైర్లు. బిబ్‌లు, షూస్ తర్వాతి తగ్గింపు సీజన్లో. ఆరు నెలల ఖర్చు పూర్తయ్యాక, అప్పటికీ అదే సైకిల్‌తో నిజంగా అవస్థ పడుతుంటే, ఒక్కో పార్టు కాకుండా డిస్క్ బ్రేకులున్న పూర్తి సైకిల్‌ని నగదుతో చూడండి. విడివిడిగా కొన్న పార్టులకన్నా పూర్తి సైకిల్ దాదాపు ఎప్పుడూ చవకే.

ఇక ఆ విప్పని పెట్టె. వారమే అయింది కాబట్టి వాపసు గడువు ఇంకా ఉండొచ్చు, ఈరోజే చూడండి. టేపు కూడా పీకకండి. చక్రం ఒక్కసారి టైరు ఎక్కించి బిగించినా చాలామంది అమ్మకందారులు వెనక్కి తీసుకోరు. వాపసు పంపాక డబ్బు కార్డులోకి వస్తుంది గానీ, దానంతటదే ఈఎంఐ ఆగిపోతుందని అనుకోవద్దు. చాలాసార్లు అది అలాగే నడుస్తుంటుంది. కార్డు ఇచ్చిన బ్యాంకుకు మీరే ఫోన్ చేసి ఈఎంఐ రద్దు చేయమని అడగండి, ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి, తర్వాతి స్టేట్‌మెంట్‌లో వాయిదా లేదని చూసుకున్నాకే వదలండి. ప్రాసెసింగ్ ఫీజు తిరిగి రాకపోవచ్చు. దాన్ని వదిలేసుకోండి.