పాలీఅనిలీన్-మట్టి ద్రవానికి వోల్టేజి పెట్టగానే ట్రిప్ అవుతోందా? ముందు పౌడర్ రంగు చూడండి

వోల్టేజి పెట్టగానే గట్టిపడే ద్రవం (ఎలక్ట్రోరియలాజికల్ ద్రవం) కోసం పాలీఅనిలీన్ (కరెంటు పోనిచ్చే పాలిమర్), మాంట్‌మోరిల్లోనైట్ మట్టి (పల్చటి రేకుల దొంతరలా ఉండే మట్టి) కాంపోజిట్‌ని సిలికాన్ ఆయిల్‌లో కలిపాను, పౌడర్‌లో కరెంటు బాగానే పోతోంది, అయినా ద్రవం గట్టిపడదు, హై వోల్టేజి సప్లై ట్రిప్ అయిపోతోంది, అసలు మట్టి ఎందుకు అని అడిగారు. కరెంటు బాగా పోవడమే ఇక్కడ సమస్య. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేనూ ఇక్కడే నెల రోజులు ఆగిపోయాను.

వోల్టేజి పెట్టి విద్యుత్ ఫీల్డ్ పడగానే ప్రతి రేణువులో చార్జీలు ఒక చివర ప్లస్, ఇంకో చివర మైనస్‌గా సర్దుకోవాలి. అప్పుడే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని రెండు ఎలక్ట్రోడ్ల మధ్య గొలుసులు కడతాయి, ద్రవం బిగుసుకుంటుంది. చార్జీలు రేణువు దాటి గొలుసు వెంట పారిపోతే మాత్రం ఫీల్డ్ నిలవదు, కరెంటు ఎక్కువై సప్లై ట్రిప్ అవుతుంది.

మీ పౌడర్ ఇంకా ముదురు ఆకుపచ్చగానే ఉందా? అయితే తయారీలో వాడిన యాసిడ్ అందులో అలాగే ఉంది, కరెంటు అంత బాగా పోయేది దానివల్లే. పౌడర్‌ని నీళ్లలో కలిపి, అమోనియా ద్రావణం చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ 9 దగ్గర నిలపండి. ఆకుపచ్చ నీలంలోకి తిరగడం బీకరులో కళ్లెదుటే కనిపిస్తుంది. రంగు మారింది కదా అని అప్పుడే వడకట్టకండి, నా రెండో బ్యాచ్ అలాగే పాడైంది. పైన నీలంగా ఉన్నా రేణువు లోపల యాసిడ్ మిగిలే ఉంది. రాత్రంతా స్టిర్రర్ మీద ఉంచి, పొద్దున మళ్లీ పీహెచ్ చూడండి. కడిగి ఆరబెట్టాక పెల్లెట్ (నొక్కి చేసిన బిళ్ల) చేసి కొలిస్తే వాహకత సెంటీమీటరుకు వందకోట్లవ వంతు సీమెన్స్ దరిదాపుల్లో ఉండాలి.

ఇక మట్టి సంగతి. దాని రేకు మందం సుమారు 1 నానోమీటరు, రేకుల మధ్య సోడియం అయాన్లుంటాయి. పాలీఅనిలీన్‌కి ముడిసరుకైన అనిలీన్ యాసిడ్‌లో అనిలీనియం అయాన్‌గా మారి ఆ సోడియం స్థానంలోకి దూరుతుంది. తర్వాత ఆక్సీకరణం చేసే అమోనియం పర్‌సల్ఫేట్ పోస్తే అక్కడే పాలిమర్ అవుతుంది. రేకుల నడుమ చిక్కిన పాలిమర్‌లో చార్జీ కదులుతుంది గానీ రేకు దాటడం కష్టం. మనకు కావలసింది అదే. కొరియాలో ఇన్హా యూనివర్సిటీలోని హ్యోంగ్ జిన్ చోయ్ బృందం దీని మీద చాలా పని చేసింది. అందుకే మట్టిని ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, అనిలీన్‌తో కొన్ని గంటలు కలిపాకే పర్‌సల్ఫేట్ వేయాలి. తయారైన పాలిమర్‌లో మట్టి పొడి కలిపితే అది వట్టి మిశ్రమమే. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో రేకుల దూరం సుమారు 1.2 నుంచి 1.5 నానోమీటర్ల దగ్గరికి పెరిగిందేమో చూసుకోండి.

తేమ ఇంకో శత్రువు. 1940లలో ఇలాంటి ద్రవాల మీద మొదట పనిచేసిన అమెరికన్ విల్లిస్ విన్‌స్లో చేసిన ద్రవాలు రేణువుల్లోని తేమ మీదే ఆధారపడేవి. పాలీఅనిలీన్‌కి ఆ అవసరం లేదు, కానీ మట్టి తేమని పీల్చేస్తుంది. ఆగస్టు ముసురులో రెండు రోజులు బెంచీ మీద వదిలేసిన మా పౌడర్, అంతకుముందు బాగా పనిచేసిందే, మళ్లీ ట్రిప్ చేసింది. వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టి, వెంటనే డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) పెట్టండి.

ద్రవం ఎంత బిగుసుకుందో కొలిచే రియోమీటర్ దగ్గరికి వెళ్లేముందు గాజు స్లైడ్ మీద రెండు అల్యూమినియం ఫాయిల్ ముక్కలు ఒక మిల్లీమీటరు ఎడంతో అతికించి, బాగా పల్చగా కలిపిన చుక్క ఒకటి వేసి మైక్రోస్కోప్ కింద 1 కిలోవోల్టు ఇవ్వండి. చెల్లాచెదురుగా ఉన్న నీలపు నలకలు క్షణాల్లో వరస కడతాయి. అది మొదటిసారి చూసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. సప్లై ఆపాక ఎర్త్ చేయకుండా ఫాయిల్‌ని మాత్రం ముట్టుకోకండి. పెల్లెట్ రీడింగ్ ఎంత వచ్చిందో చెప్పండి, మిగతాది అప్పుడు చూద్దాం.