బిగుతు జడలతో కణతల దగ్గర జుట్టు పోతోంది... పాపకు స్ట్రెయిటెనింగ్ చేయించవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యాక హ్యూస్టన్‌లో స్థిరపడ్డాం. మావారు ఆఫ్రికన్ అమెరికన్. మా పాపకు 12 ఏళ్లు. జుట్టు అచ్చం వాళ్ల నాన్న పోలికే, స్ప్రింగుల్లా చుట్టుకుని ఉంటుంది. చిన్నప్పటి నుంచీ సెలూన్‌లో బాక్స్ బ్రెయిడ్స్ (తలంతా గళ్లుగా పాయలు తీసి, అదనపు జుట్టు కలిపి అల్లే సన్న జడలు) వేయిస్తున్నాం. ఏడాదిగా రెండు కణతల దగ్గరా జుట్టు పలచబడి, నుదురు వెనక్కి జరిగినట్టు కనిపిస్తోంది. జడలు వేసిన రాత్రి నొప్పితో సరిగా పడుకోదు. కుదుళ్ల దగ్గర తెల్లగా పొట్టులాంటిది ఉంటే చుండ్రు అనుకుని, మా అమ్మ చెప్పినట్టు రోజూ కొబ్బరినూనె పెడుతున్నాను. ఈ వేసవిలో తమ్ముడి పెళ్లికి ఊరొస్తున్నాం. ఈలోపు స్ట్రెయిటెనింగ్ చేయిస్తే జడ వేయడం తేలికవుతుందని మావాళ్లు అంటున్నారు. రసాయనాల జోలికే వెళ్లొద్దని మా అత్తగారు అంటున్నారు. పోయిన జుట్టు మళ్లీ వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అత్తగారి మాటే వినండి. మీరు రాసిన లక్షణాలన్నీ ట్రాక్షన్ అలోపీషియా వైపే చూపిస్తున్నాయి. అంటే కుదుళ్లను నెలల తరబడి ఒకే దిక్కుకు లాగడం వల్ల జుట్టు ఊడటం. పాప జుట్టు తీరులో ఏ జబ్బూ లేదు, ఇబ్బందంతా ఆ లాగుడుతోనే. ఈ దశలో లాగుడు ఆపేస్తే చాలామంది పిల్లల్లో జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే కుదురు మచ్చకట్టి మూసుకుపోతుంది, ఆ తర్వాత మందులతోనూ రాదు. అందుకే పెళ్లి హడావిడిని పక్కనపెట్టి ముందు ఈ సంగతి చూడండి.

పాపను కిటికీ వెలుగులో కూర్చోబెట్టి కణతల దగ్గర జాగ్రత్తగా చూడండి. పలచబడిన చోటికి ముందువైపు, పాత నుదుటి అంచు వెంబడి సన్నటి పొట్టి వెంట్రుకలు ఒక వరసగా మిగిలి ఉంటే అది ట్రాక్షన్ లక్షణమే. జడలో పట్టడానికి అందనంత పొట్టివి కాబట్టి అవి బతికిపోతాయి. ఇక ఆ తెల్ల పొట్టు. వేలితో రాస్తే రాలిపోయేది చుండ్రు. వెంట్రుక చుట్టూ చిన్న గొట్టంలా ఉండి, దాని వెంట పైకీ కిందకీ జరిగేదైతే చుండ్రు కాదు. లాగుడు ఇంకా సాగుతోందనడానికి అది గుర్తు. జడల మొదట్లో చీము పొక్కులుంటే ఇదే వారం జడలు విప్పేయండి. చర్మం నున్నగా మెరుస్తూ వెంట్రుకల రంధ్రాలే కనిపించకపోతే ఆలస్యం చేయకుండా డెర్మటాలజిస్ట్‌కు చూపించాలి. ఒకేచోట గుండ్రంగా పొలుసులు, నల్లచుక్కల్లా తెగిన వెంట్రుకలు, మెడ వెనుక బిళ్లలు కట్టడం ఉంటే మాత్రం దారి వేరు. అది తామర కావచ్చు. పిల్లల్లో మాడుకు తామర వస్తే పైపూతలతో తగ్గదు, నోటి ద్వారా మందు వాడాల్సిందే.

ఆఫ్రికన్ జుట్టు చూడటానికి ఒత్తుగా, మొండిగా అనిపిస్తుంది కానీ నిజానికి చాలా పెళుసు. అడ్డంగా కోసి చూస్తే వెంట్రుక కోలగా, నొక్కినట్టు ఉంటుంది. కుదురు కూడా చర్మం లోపల వంపు తిరిగి ఉంటుంది. మాడు మీద ఊరే నూనె ఆ మెలికలు దాటుకుని చివరి దాకా పాకలేదు. అందుకే మాడు జిడ్డుగా ఉన్నా కొసలు ఎండిపోతాయి, ప్రతి మలుపు దగ్గరా తెగుతాయి. తిన్నని జుట్టుకు పుట్టిన మన అలవాట్లు, రోజూ దువ్వడం, తలంతా నూనె పట్టించి బిగించి జడ వేయడం, ఈ జుట్టుకు నప్పవు. కొబ్బరినూనె చెడ్డదని కాదు. కానీ రోజూ మాడుకు పట్టిస్తే చుండ్రుకు కారణమయ్యే మలాసెజియా అనే ఫంగస్‌కు అదే మేత. నూనె కొసలకు రాయండి, మాడును వదిలేయండి.

ఇప్పుడున్న జడలను విప్పడంలోనూ పద్ధతుంది. మామూలుగా మనిషికి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి. జడలో ఉన్నప్పుడు అవి కింద పడకుండా లోపలే చిక్కుకుంటాయి. ఆరు వారాల తర్వాత విప్పితే రెండు మూడు వేల వెంట్రుకలు ఒక్కసారిగా చేతికొస్తాయి, అది చూసి బెంబేలెత్తకండి. జడ మొదట్లో పేరుకున్న మురికి, రాలిన వెంట్రుకలు పూర్తిగా తీయకముందే తల తడపొద్దు. తడిపితే అంతా ముద్దకట్టి, చివరికి కత్తెర పట్టాల్సి వస్తుంది. ముందు కండిషనర్ రాసి వేళ్లతో విడదీయాలి. తర్వాత తలను నాలుగైదు పాయలు చేసి, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి రావాలి. అప్పుడే షాంపూ, అదీ మాడుకు మాత్రమే. వారానికో, పది రోజులకో ఒకసారి చాలు. కండిషనర్ ప్రతిసారీ తప్పనిసరి, కొసలకు ఎక్కువగా. తలస్నానం తర్వాత తడి ఉండగానే కడగనక్కర్లేని రకం కండిషనర్, దానిపైన రెండు మూడు చుక్కల నూనె రాసి వదులుగా మెలితిప్పి ఆరబెట్టండి. రాత్రి శాటిన్ టోపీ లేదా శాటిన్ దిండు గలీబు వాడండి, నూలు గలీబు తేమను పీల్చేస్తుంది.

కనీసం మూడు నెలలు జడలు, బిగుతు పోనీటెయిల్, అంచుల్ని నుదుటికి అతికించే జెల్ అన్నీ మానిపించండి. ఆ తర్వాత మళ్లీ బ్రెయిడ్స్ వేయించుకోవచ్చు, నిషేధమేమీ లేదు. అయితే జడలు అల్లే ఆవిడకు ముందే గట్టిగా చెప్పండి: నుదుటి అంచున ఉన్న సన్న వెంట్రుకలను జడలో కలపొద్దు, పాయలు మరీ సన్నగా తీయొద్దు, అదనపు జుట్టు నడుము దాటేంత పొడవు వద్దు. వేసేటప్పుడు నొప్పి ఉండకూడదు. నొప్పి మాత్ర వేసుకుంటే సర్దుకుంటుందని సెలూన్లలో అంటారు, నన్నడిగితే అది చాలా చెడ్డ సలహా. నొప్పి పుట్టిందంటే అక్కడికక్కడే విప్పించి మళ్లీ వేయించాలి. ఆరు వారాలు దాటకుండా విప్పేయాలి, మధ్యలో ఒకటి రెండు వారాలు తలకు విశ్రాంతి ఇవ్వాలి. కృత్రిమ జుట్టు తగిలి మాడు దురద పెడుతుంటే, ఈసారి ఆ జుట్టును వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి తీసుకెళ్లండి.

స్ట్రెయిటెనింగ్ వద్దంటున్నది ఊరికే కాదు. అమెరికాలో దొరికే రిలాక్సర్లలో, అంటే ఉంగరాల జుట్టును తిన్నగా చేసే క్రీముల్లో, ఎక్కువగా సోడియం హైడ్రాక్సైడ్ గానీ, గ్వానిడిన్ హైడ్రాక్సైడ్ గానీ ఉంటుంది. ‘నో లై’ (సోడియం హైడ్రాక్సైడ్ లేనిది) అని రాసి ఉన్నా క్షారం క్షారమే, మాడును కాలుస్తుంది. వెంట్రుకకు బలమిచ్చే గంధకపు బంధాలను తెంచితేనే అది తిన్నబడుతుంది. అలా బలహీనపడిన జుట్టును మళ్లీ గట్టిగా అల్లితే ట్రాక్షన్ ముప్పు మరింత పెరుగుతుంది. మన పార్లర్లలో చేసే రీబాండింగ్‌లో థయోగ్లైకోలేట్ వాడతారు. రిలాక్సర్ పడిన జుట్టు మీద అది పడితే వెంట్రుకలు మొదలంటా తెగిపోతాయి. కెరాటిన్ ట్రీట్‌మెంట్ అంటూ చేసేవాటిలో కొన్ని వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. గ్లయాక్సిలిక్ యాసిడ్ ఉన్న క్రీములతో కిడ్నీలు దెబ్బతిన్న కేసులూ వైద్య పత్రికల్లో వచ్చాయి. అమెరికాలో 33 వేలకు పైగా మహిళలను పరిశీలించిన సిస్టర్ స్టడీ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. స్ట్రెయిటెనర్లు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ ముప్పు 1.64 శాతం ఉంటే, తరచుగా, అంటే ఏడాదిలో నాలుగుసార్ల కంటే ఎక్కువ వాడినవారిలో 4.05 శాతమని అంచనా వేశారు. క్యాన్సర్‌కు ఆ రసాయనాలే కారణమని దీంతో తేలిపోలేదు. అయినా 12 ఏళ్ల పిల్లకు మొదలుపెట్టాల్సిన అలవాటు మాత్రం కాదిది.

మీ అత్తగారి పట్టుదలకు ఆరోగ్యం ఒక్కటే కారణం కాకపోవచ్చు. 1786లో లూసియానాను ఏలిన స్పానిష్ గవర్నర్, స్వేచ్ఛ పొందిన నల్లజాతి మహిళలు తలకు గుడ్డ కట్టుకునే తిరగాలని ఆదేశమిచ్చాడు. ఆ తర్వాత తరతరాలుగా ఉద్యోగం దొరకాలన్నా, బడిలో మాట పడకుండా ఉండాలన్నా జుట్టు తిన్నగా ఉండాల్సిందేనన్న ఒత్తిడి సాగింది. జడల కారణంగా వివక్ష చూపొద్దని క్రౌన్ చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం కాలిఫోర్నియా, అదీ 2019లో. మీ టెక్సాస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. బ్రెయిడ్స్, ట్విస్టులు (రెండేసి పాయలను మెలితిప్పినవి), లాక్స్ (జటలు) వేసుకొచ్చినందుకు బడిలో అభ్యంతరం చెబితే ఆ చట్టాన్ని చూపించవచ్చు. జుట్టు పొడవు మీద బడి పెట్టే నిబంధనల్ని మాత్రం అది అడ్డుకోదని 2024లో అక్కడి కోర్టు ఒక విద్యార్థి కేసులో చెప్పింది. పాప ముందు ‘ఈ జుట్టుతో ఎలా వేగాలో’ అని ఎవరన్నా, మీ అమ్మగారైనా సరే, అక్కడే ఆపేయండి.

మందుల సంగతి. వాపు ఉంటే స్టెరాయిడ్ ద్రావణం కొద్ది వారాలు, జుట్టు రాక ఆలస్యమైతే మినాక్సిడిల్ ఇస్తారు. ఈ వయసులో రెండూ డాక్టర్ చూసి రాస్తేనే వాడాలి, దుకాణంలో కొని మీరే మొదలుపెట్టొద్దు. ఆఫ్రికన్ జుట్టు నెలకు ఒక సెంటీమీటరు కూడా పెరగదు, కాబట్టి తేడా కనిపించడానికి ఆరు నెలల దాకా పట్టొచ్చు. నెలకోసారి అదే వెలుగులో, అదే దూరం నుంచి ఫొటో తీసి పెట్టుకుంటే డాక్టర్‌కూ పని తేలికవుతుంది. మరో మాట. మీ అత్తగారి తరఫున ఎవరికైనా నడినెత్తిన మంట, నొప్పితో జుట్టు పలచబడి ఉంటే ఆ విషయం డాక్టర్‌కు చెప్పండి. అది సీసీసీఏ (నడినెత్తి నుంచి చుట్టూ పాకుతూ కుదుళ్లు మచ్చకట్టే జబ్బు) కావచ్చు, కొన్ని కుటుంబాల్లో జన్యుపరంగా వస్తుంది.

ఇక పెళ్లి. సవరం కట్టి, దానిపై పూలజడ వేలాడదీస్తే ఆ బరువంతా ఇప్పటికే అలిసిపోయిన కుదుళ్ల మీదే పడుతుంది. అది వద్దు. జుట్టు సహజంగా ఉంచి, వెనక వదులుగా రెండు ట్విస్టులు చుట్టి, మల్లెదండను యూ పిన్నులతో ఆ చుట్టకే గుచ్చండి. పాపిటబిళ్ల కొక్కేన్ని కణతల దగ్గరి సన్న వెంట్రుకలకు తగిలించకుండా ట్విస్ట్ మొదట్లోకి జొనిపితే చాలు.