డోర్నకల్ రైలెక్కు తమ్ముడూ

తమ్ముడూ, వందనాలు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పాతకాలపు క్రైస్తవ గురువు అగస్టీన్ నుంచి మదర్ థెరిసా దాకా పదిమంది భక్తుల గురించి రాశావు. పడ్డ కష్టం కనబడుతోంది. కానీ ‘దేవుని చేతిలో బలంగా వాడబడ్డారు’ అనే మాట ఏడుసార్లు వచ్చింది. పేర్లు తారుమారు చేసి చూశాను, ఒకరి పేరా ఇంకొకరికి సరిగ్గా అతికింది. మందిరంలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ మాట బాగానే ఉంటుంది. కాగితం మీదికొస్తే మనిషే కనబడకుండా పోతాడు.

ఈ తప్పు నేనూ చేశాను. ముప్పై ఏళ్ల కింద క్రిస్మస్ సంచికకు బిషప్ అజరయ్య గారి మీద ఇట్లాంటిదే రాసి, మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు చదువు రాదు. అంతా విని, “గదంతా మంచిగనే ఉంది గని, అరవాయనకు మన తెలుగెట్లొచ్చింది బిడ్డా?” అనడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆయన మన భాష నేర్చుకోవాల్సి వచ్చిందనే ఆలోచనే నాకు రాలేదు!

అప్పుడు మళ్లీ మొదటి నుంచి చదివాను. 1874లో తిరునల్వేలి వైపు ఒక పల్లెటూళ్లో పాస్టరు గారింట పుట్టిన మనిషి, 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చాడు. మనకు పరాయివాడే. మరుసటేడు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభ జరిగితే, తెల్లదొరల ముందు నిలబడి మాట్లాడాడు. ఆ ప్రసంగం చివర చూడు. కొరింథీ పత్రిక పదమూడో అధ్యాయం నీకు కంఠతా వచ్చు కదా? బీదలకు ఆస్తి ఇచ్చినా, కాల్చబడటానికి శరీరాన్ని అప్పగించినా, ప్రేమ లేకపోతే వ్యర్థమని. ఆయన దాన్నే మిషనరీల వైపు తిప్పాడు: మీరు మీ ఆస్తి ఇచ్చారు, శరీరాలూ ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. అప్పటికి వయసు ముప్పై అయిదు. సభలో కొందరికి అది నచ్చలేదు. అయినా 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖలో, మొదటి భారతీయ బిషప్ ఆయనే.

నువ్వైతే ఇదంతా ‘గొప్ప వక్త’ అని రెండు మాటల్లో తేల్చేశావు.

మత మార్పిడుల విషయంలో గాంధీ గారితో ఆయనకు వచ్చిన పేచీ కూడా వదలకు. అది తీసేస్తే ఆయన గౌరవం పెరుగుతుందని అనుకుంటున్నావేమో, పెరగదు. పాఠకుడికి అనుమానం పెరుగుతుంది.

అగస్టీన్ సంగతి కూడా అంతే. పదహారేళ్లప్పుడు దోస్తులతో కలిసి పక్కతోటలో పియర్ పండ్లు దొంగిలించి పందులకు వేశానని ఆయనే రాసుకున్నాడు. ఆకలై కాదట, తప్పు చేయడంలో ఉన్న మజా కోసమట. ఆ చిన్న దొంగతనాన్ని పేజీల కొద్దీ తవ్వుకున్నాడు. ఆయన దాచనిది నువ్వెందుకు దాచావు?

పదిమంది వద్దు, ఇద్దరు చాలు. అజరయ్య గారు ఒకరు. రెండో మనిషి కోసం నిజామాబాద్ వైపు చూడు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్ 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టింది. దానికి డబ్బు సాయం చేసిన నర్సాగౌడ్ హిందువు. ఆయన పేరు లేకుండా ఆమె కథ రాయకు. ఆ రోజుల్లో మందంటే హిడ్నోకార్పస్ గింజల నూనె, దాన్ని సూదితో కండలోకి ఎక్కించేవాళ్లు, బాగా నొప్పి. ఆ నొప్పి గురించి రాయి. ‘కరుణామయి’ అని మాత్రం రాయొద్దు.

ముందు కాజీపేటలో రైలెక్కి, మహబూబాబాద్ దాటాక డోర్నకల్‌లో దిగు. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ చర్చి అక్కడుంది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని గుర్తుకు తెస్తాయి. గంటసేపు కూర్చో, ఫోటోల టెన్షన్ పెట్టుకోకు. బయట టీ తాగుతూ ముసలివాళ్లతో మాట్లాడు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకో, పుస్తకంతో సరిచూడటం తర్వాత.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక హనుమకొండ వచ్చెయ్. భోజనం మా ఇంట్లోనే. ఒక్క పేజీ తెస్తే చాలు.

ఇట్లు,
మీ అన్న