యాంటీబయాటిక్ వాడుతుంటే విరేచనాలు: పెరుగు చాలా, ప్రోబయోటిక్ కావాలా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. గొంతు నొప్పికి డాక్టరుగారు యాంటీబయాటిక్ సిరప్ రాశారు. రెండో రోజు నుంచి నీళ్ల విరేచనాలు. మందుల షాపులో ప్రోబయోటిక్ శాచెట్లు ఇచ్చారు. మా అత్తగారేమో పెరుగన్నం చాలంటున్నారు. ఇమ్యూనిటీకి శాచెట్లు రోజూ వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండమ్మా. లీటరు ప్యాకెట్టును సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, విరేచనం అయిన ప్రతిసారీ 100 నుంచి 200 మి.లీ. కొద్దికొద్దిగా తాగించండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. సిరప్ మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరుకు ఫోన్ చేయండి. మలంలో రక్తం, జ్వరం, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం ఉంటే వెంటనే తీసుకెళ్లండి.

ఇక శాచెట్. ప్రోబయోటిక్ అంటే ఒంటికి మేలు చేసే, బతికున్న సూక్ష్మజీవులు. యాంటీబయాటిక్ పేగుల్లోని మేలు చేసే బాక్టీరియాను కూడా చంపుతుంది, అందుకే ఈ విరేచనాలు. వీటిని నివారించడంలో మంచి ఆధారాలున్నవి ముఖ్యంగా రెండు: లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ, సాకరోమైసిస్ బౌలార్డీ. అదీ యాంటీబయాటిక్‌తో పాటే మొదలుపెడితేనే. విరేచనాలు పట్టుకున్నాక లాభం అంత కచ్చితంగా చెప్పలేం. శాచెట్ మీద రకం పేరు లేకుండా ‘బిలియన్లు’ అని మాత్రమే ఉంటే కొనకండి. పిల్లలకు రోజుకు జీజీ అయితే కనీసం 500 కోట్ల సీఎఫ్‌యూ (బతికున్న సూక్ష్మజీవుల లెక్క), బౌలార్డీ అయితే 250 నుంచి 500 మి.గ్రా. ఉండాలి. జీజీ బాక్టీరియా కాబట్టి యాంటీబయాటిక్‌కూ దానికీ రెండు గంటల ఎడం ఉంచాలి. బౌలార్డీ ఈస్ట్, యాంటీబయాటిక్‌కు చావదు. దేన్నయినా వేడి పాలలో మాత్రం కలపొద్దు.

మీ అత్తగారి పెరుగన్నం నిక్షేపంగా పెట్టండి. తేలిగ్గా అరుగుతుంది, బలమూ ఇస్తుంది. కాకపోతే ఇంటి తోడులో ఏ రకం బాక్టీరియా ఎంత ఉందో చెప్పలేం కనుక మందుగా లెక్కేయలేం. పొగలు కక్కే అన్నంలో కలిపినా, మజ్జిగ పులుసు కాచినా అవి చచ్చిపోతాయి. అన్నం చల్లారాక కలపండి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి మందులు వాడేవాళ్లు పెరుగుకు రెండు గంటలు ఎడం పాటించాలి, పెరుగులోని కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు.

రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం పేగు గోడల్లోనే ఉంటుంది, నిజమే. అంతమాత్రాన ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి ఏడాది పొడవునా శాచెట్లు అక్కర్లేదు. జలుబులు కొంత తగ్గొచ్చన్న ఆధారాలు బలహీనం. ఆ డబ్బుతో పప్పు, ఆకుకూర, రాగులు, పండ్లు పెట్టండి. వాటిలోని పీచును తినే పేగు బాక్టీరియా బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తుంది, పెద్దపేగు గోడ కణాలకు అదే ప్రధాన ఆహారం. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లకు, అవయవ మార్పిడి జరిగినవాళ్లకు, నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు మాత్రం డాక్టరు చెప్పనిదే ప్రోబయోటిక్ ఇవ్వకూడదు. ఆ సూక్ష్మజీవులే రక్తంలోకి చేరి ప్రాణం మీదకు తేవచ్చు.