డాక్టరాఫీసు కౌంటర్ దగ్గర మొహమాటం పనికిరాదు

"అక్కా, మావారి ఉద్యోగ వీసాకి తోడుగా ఇచ్చే హెచ్-4 వీసా మీద అమెరికా వచ్చాను, పని చేసుకోవచ్చనే అనుమతి కార్డు ఈఏడీ చేతికొచ్చింది. ఎంబీఏ చదివాను. డాక్టరాఫీసులో ఫ్రంట్ డెస్క్ పనికి ఏం నేర్చుకోవాలి?" అని అడిగావు కదా చెల్లీ, ముందు ఆ ఎంబీఏని పక్కన పెట్టు. నాకూ ఎమ్మెస్సీ ఉంది. 2016లో న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో గంటకి 13 డాలర్లకి చేరాను. మొదటి రోజు ఫోను మోగితే బాత్‌రూమ్‌లోకి వెళ్లిపోయాను.

ఫోను భయం నెలలో పోతుంది. పోనిది డబ్బులడగడానికి సిగ్గు. మొదటి వారంలోనే ఒక పెద్దాయన వచ్చారు, గుంటూరు యాస. కో-పే, అంటే ఇన్సూరెన్సు ఉన్నా పేషెంటు తన వంతుగా కట్టేది, 40 డాలర్లు. "పర్సు కార్లో ఉండిపోయిందమ్మా" అన్నారు. "పర్లేదు బాబాయ్‌గారూ, మళ్లీ వచ్చినప్పుడు ఇద్దురు" అన్నాను. మనింటికొచ్చిన మనిషిని డబ్బులడుగుతామా! ఆ నెలలో అలా పదకొండు మందిని వదిలేశాను. నెలాఖరున మేనేజరు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. 385 డాలర్లు. నా జీతంలో కోయలేదు గానీ, ఆ రాత్రి నిద్రపట్టక లెక్కేసుకున్నాను. దాదాపు 30 గంటలు నేను నిలబడి సంపాదించేంత సొమ్ము. మనిషి తలుపు దాటాక బిల్లు పంపితే వచ్చేదెంతో, రానిదెంతో!

ఇప్పుడు నేననేది ఒకటే మాట. "ఈరోజు మీ కో-పే నలభై. కార్డా, క్యాషా?" అనేసి ఊరుకుంటాను. "ఇవ్వగలరా" అని మాత్రం అడగకు. జనవరిలో మరీ జాగ్రత్త. చాలా ప్లాన్లలో ఒకటో తారీఖుతో డిడక్టిబుల్ (ఇన్సూరెన్సు ఇవ్వడం మొదలెట్టేముందు ఏడాదిలో పేషెంటు సొంతంగా కట్టాల్సిన మొత్తం) మళ్లీ మొదటికొస్తుంది, కొందరి కార్డులే మారిపోతాయి. ముందురోజే ఎలిజిబిలిటీ, అంటే ఇన్సూరెన్సు చెల్లుతోందా లేదా అని, చూసుకుంటే కౌంటర్ దగ్గర గొడవ ఉండదు.

ఇక క్లెయిములు, అంటే డబ్బు కోసం ఇన్సూరెన్సు కంపెనీకి పంపే బిల్లులు. ఏప్రిల్ 7న పుట్టినావిడ పుట్టినరోజుని మన అలవాటు కొద్దీ 07/04 అని కొట్టాను. ఇక్కడ నెల ముందు కదా, ఆవిడ జులైలో పుట్టినట్టయింది. క్లెయిము తిరిగొచ్చింది. ఇంకోసారి వెయిటింగ్ రూములో "మిస్టర్ ఫ్నూ" అని గట్టిగా పిలిచాను. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడ్డవాళ్లకి వీసా మీద పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని వేస్తారని, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని నాకప్పుడేం తెలుసు? తెలిశాక అతి తెలివితో ఆయన అసలు పేరు టైపు చేశాను. అదీ తిరిగొచ్చింది, ఇన్సూరెన్సు కార్డు మీద ఎఫ్ఎన్‌యూ అనే ఉంది మరి. కార్డు మీద ఎలా ఉంటే అలాగే కొట్టు, నీ సంస్కారం చూపించకు. తిరిగొచ్చిన క్లెయిముని పక్కన పడేశావో, పంపే గడువు దాటిపోతుంది. మెడికేర్‌కి (ముఖ్యంగా పెద్దవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్సు) వైద్యం చేసిన రోజు నుంచి ఏడాది. ప్రైవేటు కంపెనీల్లో కొన్నిటికి 90 రోజులే. మెడికేర్ గడువు మనవల్ల దాటితే ఆ డబ్బు పేషెంటు దగ్గర వసూలు చేయకూడదు, డాక్టరే వదులుకోవాలి.

పేషెంటు ఆరోగ్య వివరాలు బయటపెట్టకూడదనే చట్టం ఉంది, హిపా అంటారు. ఆ రూల్సు ప్రభుత్వ సైటులో ఉన్నాయి, చదువుకో. నేను చదివి కూడా ఇండియన్ స్టోర్‌లో మా పేషెంటొకావిడని "పిన్నీ, బీపీ తగ్గిందా?" అని ఆవిడ కోడలి ముందే అడిగేశాను. ఆ పిన్ని మా డాక్టరుకి ఫోన్ చేసి చెప్పింది. ఉద్యోగం పోనందుకు వెంకన్నకి మొక్కుకున్నాను.

కోర్సంటావా? వేలు పోసి చేరకు. కౌంటర్ పనికి లైసెన్సేమీ అక్కర్లేదు, పని అక్కడే నేర్పుతారు. మెడికల్ కోడింగ్ (చేసిన వైద్యానికి బిల్లు కోడ్లు వేసే పని) వైపు వెళ్లాలనుంటే ఏఏపీసీ అనే కోడర్ల సంఘం వాళ్ల సీపీసీ పరీక్ష ఉంది. అనుభవం లేకుండా పాసైతే పేరు చివర అప్రెంటిస్ అనే 'ఏ' తగిలిస్తారు. హైదరాబాద్‌లో, చెన్నైలో ఇదే పని చేసొచ్చిన అమ్మాయిలుంటారు, వాళ్లతో పోటీ అని తెలుసుకుని దిగు. ఈఏడీ గడువెప్పుడో ఫ్రిజ్ మీద రాసి అంటించుకో.

ఇంటర్వ్యూలో "జీతం ఎంత అనుకుంటున్నారు?" అంటే అంకె చెప్పు. "మీ ఇష్టమండీ" అనకు. నేనన్నాను, అందుకే ఆ 13.