వ్యాన్‌లో కరెంటు కోసం లక్షా పదివేల అప్పు అవసరమా?

ప్రశ్న: గుంటూరులో పెళ్లి వీడియోలు తీస్తాను. నెలకు రూ.7,000 అద్దె గది ఖాళీ చేసి వ్యాన్‌లోనే ఉంటున్నాను. రాత్రిళ్లు చప్పుడు లేకుండా, ఎవరి కంటా పడకుండా కరెంటు కావాలి. రెండు యూనిట్లు నిల్వ ఉండే పోర్టబుల్ పవర్ స్టేషన్‌ను రూ.1,10,000కు కార్డుపై 12 వాయిదాల్లో ఇస్తామంటున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో లిథియం బ్యాటరీతో విడిగా కట్టిస్తే రూ.46,000 అన్నారు. ఎఫ్‌డీ రూ.1,80,000 ఉంది. నెల ఖర్చు రూ.22,000. ఏది మేలు?

జవాబు: ముందుగా మీ వాడకం లెక్క చూద్దాం. ఎడిటింగ్ ల్యాప్‌టాప్ 90 వాట్ల చొప్పున నాలుగు గంటలు, 30 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు నడిచి, లైట్లు, ఫోను, కెమెరా బ్యాటరీలకు మరో 150 వాట్ అవర్లు పోయినా మొత్తం 750 అవుతుంది. ఇన్వర్టర్‌లో పోయేది కలిపితే 850, అంటే ఒక యూనిట్ (1,000 వాట్ అవర్లు) కూడా కాదు. 12.8 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 వాట్ అవర్లు ఉంటాయి కాబట్టి, అందులో 80 శాతమే వాడుకున్నా మీకు సరిపోతుంది. రెండు యూనిట్లది కొంటే సగానికి పైగా ఊరికే మోస్తూ తిరగాలి.

అంతకన్నా నన్ను కలవరపెట్టినది వాయిదా. నెలకు దాదాపు రూ.9,200 అంటే, గది వదిలి మీరు మిగుల్చుకున్న అద్దె కన్నా ఎక్కువ. ఆషాఢంలోనూ మూఢంలోనూ ముహూర్తాలు ఉండవు, అడ్వాన్సులు రావు, వాయిదా మాత్రం ఆగదు. ఒక్క నెల తప్పినా కార్డు వడ్డీ నెలకు మూడు శాతం పైమాటే. వడ్డీ లేని వాయిదా అని చెప్పినా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ పడవచ్చు.

అందుచేత ఎఫ్‌డీ నుంచి రూ.46,000 తీయండి. ముందే తీసినందుకు బ్యాంకు కాస్త వడ్డీ కోసుకున్నా ఇదే చవక. మిగిలే రూ.1,34,000 ఆరు నెలల ఖర్చుకు సరిపోతుంది కాబట్టి దాన్ని ముట్టుకోవద్దు. ఆదా అయిన అద్దెను నెలనెలా తిరిగి జమ చేస్తే ఏడు నెలల్లో లోటు పూడుతుంది.

సోలార్ ప్యానెల్ ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. మే నెల ఎండలో మీరు వ్యాన్‌ను చెట్టు నీడనే ఆపుతారు, నీడలో ప్యానెల్ పెద్దగా పని చేయదు, పైగా బండిలో మనిషి ఉంటున్నాడని అదే చాటి చెబుతుంది. పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇంటి పైకప్పులకే, వాహనాలకు రాదు. దానికి బదులు ఇంజిన్ నుంచే బ్యాటరీ నింపే 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ ఆ రూ.46,000లో ఉందో లేదో అడగండి; విజయవాడ వెళ్లి రావడానికి పట్టే రెండు గంటల్లో సుమారు 700 వాట్ అవర్లు ఎక్కుతాయి. బండి కదలని రోజున కల్యాణ మండపంలో అడిగి ఛార్జర్ పెట్టుకోవచ్చు. జనరేటర్ జోలికి మాత్రం వెళ్లకండి, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

డబ్బు కట్టేముందు బ్యాటరీ ప్లస్ తీగకు దగ్గరలోనే ఫ్యూజు వేయించుకోండి. ఇలాంటి బ్యాటరీలు సాధారణంగా 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్‌కు పనికిరావు కనుక ఎండ తగలని సీటు కింద పెట్టించండి. జీఎస్టీ బిల్లు తీసుకుని, ఈ సామగ్రి విలువను బీమా కంపెనీకి తెలిపి పాలసీలో చేర్పించండి; చేర్పించకపోతే దొంగతనం జరిగినా దానికి పరిహారం రాదు.